‘రికార్డు అందుబాటులో లేదు’ అని జవాబొస్తే

ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద దరఖాస్తు ఎట్లా పెట్టాలో చెప్పే వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. తెల్లకాగితం తీసుకో, పౌర సమాచార అధికారి గారికి అని రాయి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించు, పోస్టులో వెయ్యి, ముప్పై రోజులు ఆగు. (మన దగ్గర గ్రామ పంచాయతీకి అసలు ఫీజే లేదు, మండలాఫీసుకు ఐదు రూపాయలు, ఆ పైన పది. ఇది చాలా వీడియోల్లో చెప్పరు.) ముప్పై ఒకటో రోజు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. జవాబే రాకపోతే ఏం చేయాలి, వచ్చినా ‘మీరు కోరిన రికార్డు ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు’ అని ఒక్క లైనే ఉంటే ఏం చేయాలి, ‘ఇది వేరే వ్యక్తి సమాచారం, ఇవ్వడం కుదరదు’ అంటే ఎట్లా? నాకు వాట్సాప్‌లో కాగితాలు ఫొటో తీసి పంపేవాళ్లు అడిగేవి ఇవే కాబట్టి ఒకసారి కూర్చొని రాసేస్తున్నా. నేను లాయర్‌ని కాదు. హన్మకొండలో ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో భూమి గొడవ వల్ల ఈ చట్టం చదవాల్సి వచ్చినవాణ్ని, ఆ తర్వాత చుట్టాల కోసం, చుట్టాల చుట్టాల కోసం అప్పీళ్లు రాసిపెడుతూ వచ్చిన.

నా అభిప్రాయం ముందే చెప్తా. మన జిల్లాల్లో రికార్డుల కోసం జరిగే గొడవల్లో రహస్యం దాచే గొడవలు తక్కువ. ఎవరో కావాలని తొక్కిపెట్టారని మనం ఆవేశపడతాం గానీ, ఎక్కువసార్లు ఆ ఫైలు ఎక్కడుందో ఆ ఆఫీసుకే తెలియదు, తెలియదని సంతకం పెట్టి ఒప్పుకోవాలంటే భయం, అందుకే ‘అందుబాటులో లేదు’ అనే ఆ గోడమీది పిల్లి మాట. పోయిందనీ చెప్పరు, ఉందనీ చెప్పరు. ఆ మాటను విడగొట్టి, పోయిందా ఉందా అని కాగితం మీద చెప్పించగలిగితే సగం గొడవ తీరినట్టే.

ఇది వరంగల్ వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను విడగొట్టి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి చేశారు, చేర్యాల వైపు కొంత సిద్దిపేటకు పోయింది. 2019లో ములుగు వేరే జిల్లా అయ్యింది. 2021లో అర్బన్ పేరు హన్మకొండగా, రూరల్ పేరు వరంగల్‌గా మారింది, ఆ మార్పులోనే కొన్ని మండలాలు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు అయ్యాయి. వీటి మధ్యలో కొత్త మండలాలు, కొత్త రెవెన్యూ డివిజన్లు. ప్రతిసారీ గుడ్డలో కట్టిన ఫైళ్ల మూటలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోవాలి, కొన్ని పోయాయి, కొన్ని పోలేదు, కొన్ని సగం పోయాయి. దీనికి తోడు 2020 సెప్టెంబర్‌లో వీఆర్వో వ్యవస్థ తీసేసినప్పుడు ఊళ్లలో వాళ్ల దగ్గరున్న రికార్డులన్నీ హడావిడిగా తహసీల్దార్ ఆఫీసులకు చేర్చారు, అక్టోబర్ 29న ధరణి (భూమి రికార్డుల ఆన్‌లైన్ పోర్టల్) మొదలైంది, ఇక పాత పుస్తకాలతో పనేముంది అన్నట్టు అయిపోయింది పరిస్థితి.

పని మళ్లీ పడింది. ధరణి ఉన్నన్ని రోజులు అందులో తప్పు పడితే పై అధికారి దగ్గర అప్పీలు చేసుకునే దారి లేదు, సివిల్ కోర్టుకు పొమ్మనేవాళ్లు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి ప్రారంభించాక ఆర్డీవో, కలెక్టర్ దాకా అప్పీలు పెట్టుకునే అవకాశం తిరిగి వచ్చింది. అప్పీలు పెట్టుకోవచ్చు సరే, చేతిలో ఏం పట్టుకొని పెట్టుకోవాలి? 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి పహాణీలు (ఏ భూమి ఎవరి పేరు మీద, ఎవరి సాగులో ఉందో రాసే పుస్తకాలు), సేత్వార్ (తొలి సర్వేలో తయారైన భూమి రికార్డు), విరాసత్ ఫైలు (వారసుల పేరు మీదికి మార్చినది), ముటేషన్ ప్రొసీడింగ్స్ (పట్టా పేరు మార్పు ఉత్తర్వులు). ఇవన్నీ ఆ మూటల్లోనే ఉన్నాయి. అందుకే ఈ మధ్య నాకొచ్చే ఆర్టీఐ కాగితాల్లో నూటికి ఎనభై భూమివే అనిపిస్తుంది.

మా చిన్నాయనది కూడా అదే కథ. మా తాత చనిపోయాక తొంభైలలో విరాసత్ జరిగింది, పాస్‌బుక్కులు కూడా వచ్చాయి, కానీ ధరణిలోకి ఎక్కేసరికి కొన్ని గుంటలు మాయం. సరిచేయమంటే ‘ఏ ఆర్డర్ మీద మీకు అన్ని గుంటలు వచ్చాయో ఆ ప్రొసీడింగ్స్ తెండి’ అన్నారు. ఆ ప్రొసీడింగ్స్ ఇచ్చిన ఆఫీసు అదే. అంటే మీ దగ్గర ఉండాల్సిన కాగితం మీ దగ్గర లేదు కాబట్టి మేం తెచ్చి మీకు చూపించాలి! ఈ మాట అక్కడే అంటే చిన్నాయన నా చెయ్యి పట్టుకొని బయటికి లాక్కొచ్చిండు, ‘వాళ్లతోని పంచాది పెట్టుకుంటే పని కాదురా’ అని.

దరఖాస్తు పెడితే ‘ఆ గ్రామం 2016 పునర్వ్యవస్థీకరణకు ముందు వేరే మండలంలో ఉండేది, అక్కడ అడగండి’ అని జవాబు. అక్కడ అడిగితే ‘రికార్డులన్నీ కొత్త మండలానికి అప్పగించాం’ అని. ఇక్కడ చట్టం చాలా సూటిగా ఉంది. సెక్షన్ 6(3) ప్రకారం సమాచారం వేరే ఆఫీసులో ఉంటే, మన దరఖాస్తును వాళ్లే ఐదు రోజుల్లో అక్కడికి పంపి మనకు తెలియజేయాలి, ‘అక్కడ అడగండి’ అని మనల్ని తిప్పడానికి లేదు. కానీ రెండు ఆఫీసులూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నప్పుడు ఆ సెక్షన్ ఒక్కటే పట్టుకుంటే బదిలీల మీద బదిలీలే తప్ప కాగితం రాదు.

అప్పుడు ఫైలు అడగడం పక్కనపెట్టి, ఫైలు గురించి ఆఫీసు రాసుకునే పుస్తకాలను అడిగాం. ఇది నాకు రిటైరైన ఒక సీనియర్ అసిస్టెంట్ నేర్పింది, నిజంగా బంగారం లాంటి సలహా. ఏ ప్రభుత్వ ఆఫీసులోనైనా కాగితం లోపలికి రాగానే డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది, దానికొక నంబరు పడుతుంది, అది ఏ సెక్షన్ గుమాస్తాకు పోయిందో ఉంటుంది. ఆ గుమాస్తా తన పర్సనల్ రిజిస్టర్‌లో, వాళ్ల భాషలో పీఆర్‌లో, ఆ ఫైలు ఎప్పుడు పైకి పోయింది, ఎప్పుడు కిందికొచ్చింది, చివరికి ఎట్లా మూసేశారు అన్నది రాస్తాడు. మూసేటప్పుడు దాని మీద ఆర్.డిస్. అనో డి.డిస్. అనో ఎల్.డిస్. అనో పడుతుంది, ఎన్నేళ్లు దాచాలన్నది దాన్నిబట్టే. గడువు అయిపోయి తగలబెట్టినా, చింపేసినా దానికీ ఒక జాబితా, ఒక అనుమతి ఉండాలి. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు రికార్డులు అప్పగిస్తే రెండు వైపులా సంతకాలతో అప్పగింత జాబితా ఉండాలి.

కాబట్టి కొత్త దరఖాస్తులో, ఒక్కొక్కటి ఒక్కో లైనులో, ఇవి అడిగాం: ఫలానా సంవత్సరాల డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్‌లో మా ఊరి పేరుతో విరాసత్‌కు సంబంధించి ఉన్న పేజీల నకళ్లు, ఆ సెక్షన్ పీఆర్‌లో ఆ నంబరు ఉన్న పేజీ, 2016లో ఈ గ్రామ రికార్డులు అప్పగించిన లేదా తీసుకున్న జాబితా, ఒకవేళ ధ్వంసం చేస్తే ఆ ఉత్తర్వు, జాబితా. పాత మండలానికీ అదే, కొత్త మండలానికీ అదే. ఇప్పుడు ‘అందుబాటులో లేదు’ అనడం అంత సులువు కాదు. అప్పగింత జాబితా కూడా లేదంటే రెండు మండలాల మధ్య రికార్డులు సంతకం లేకుండా చేతులు మారాయని ఒప్పుకున్నట్టు, అది ఏ తహసీల్దారూ తన పేరు మీద రాసివ్వడు.

ఈ దరఖాస్తులకు గడువులో జవాబు రాలేదు. మొదటి అప్పీలుకు పోయాం.

మొదటి అప్పీలును జనం చాలా చిన్నచూపు చూస్తారు, ‘అదే ఆఫీసుల పెద్దసారు, ఆయన మాత్రం ఏం ఇస్తడు’ అని. చాలామంది దాన్ని రెండో అప్పీలుకు పోవడానికి ఒక మెట్టు అనుకొని రెండు లైన్లు గీకి పంపుతారు. నా అనుభవంలో గొడవ తీరితే ఇక్కడే తీరుతుంది, ఇక్కడ తీరకపోతే ఏళ్లు పడుతుంది. అందుకని బుర్ర పెట్టాల్సింది ఇక్కడే. జవాబు వచ్చిన రోజు నుంచి, జవాబే రాకపోతే గడువు అయిపోయిన రోజు నుంచి ముప్పై రోజుల్లో వేయాలి. ముప్పై రోజులు మౌనంగా ఉన్నారంటే చట్టం దృష్టిలో తిరస్కరించినట్టే లెక్క, కాబట్టి ‘ఇంకా చూద్దాం’ అని కూర్చోవద్దు. ఎవరికి వేయాలన్నది ఆఫీసు గోడ మీద ఉండే బోర్డులో ఉంటుంది, పౌర సమాచార అధికారి పేరు కింద అప్పిలేట్ అధికారి హోదా రాస్తారు. బోర్డు మీద ఉన్న పేరు రెండు బదిలీల కిందటిదై ఉండొచ్చు, హోదా చూసుకుంటే చాలు. ఫీజు లేదు. ఆయన ముప్పై రోజుల్లో తేల్చాలి, కారణం రాసి నలభై ఐదు దాకా పోవచ్చు.

అందులో ఏం రాయాలి? తిట్లు రాయొద్దు. రాజ్యాంగం, ప్రజాస్వామ్యం, అంబేద్కర్ గారు, ఇవన్నీ ఒక పేజీ రాసి అసలు సంగతి చివరి లైనులో రాసినవి నేను చాలా చూసిన. పై అధికారికి ఆ అప్పీలు చదివే టైమ్ రెండు నిమిషాలు. మేం రాసినదాంట్లో పనిచేసిన భాగం ఇది: ‘సెక్షన్ 19(5) ప్రకారం సమాచారం నిరాకరించడం సరైనదేనని నిరూపించాల్సిన బాధ్యత పౌర సమాచార అధికారిదే. రికార్డు లేనట్లయితే ఏయే రిజిస్టర్లు, ఏయే గదులు, ఎవరు, ఏ తేదీన వెతికారో తెలియజేస్తూ ప్రమాణపత్రం ఇప్పించగలరు. గడువు దాటినందున సెక్షన్ 7(6) ప్రకారం నకళ్లు ఉచితంగా ఇప్పించగలరు.’ దీనికి కింద ఢిల్లీ హైకోర్టు 2013 సెప్టెంబర్‌లో విశ్వాస్ భంబుర్కర్ కేసులో ఇచ్చిన తీర్పు ఒక్కటి పెట్టాం. ఒకప్పుడు ఆఫీసులో ఉన్న రికార్డును ‘కనిపించట్లేదు’ అని చెప్పి చేతులు దులుపుకోవడానికి లేదు, గట్టిగా వెతకాలి, దొరక్కపోతే విచారణ జరిపి ఎవరి బాధ్యతో తేల్చాలి అన్నది ఆ తీర్పు సారాంశం. మన హైకోర్టు తీర్పు కాదు కాబట్టి ఇక్కడి అధికారి దానికి తప్పకుండా కట్టుబడాలని లేదు, కానీ ఆ ‘బాధ్యత ఎవరిదో తేల్చాలి’ అన్న ముక్క చదివాక ఎవరైనా ఇంకోసారి బీరువా తెరిచి చూస్తారు.

విచారణకు పిలిచారు. పెద్దగా ఏం లేదు, ఒక గది, అప్పిలేట్ అధికారి, రెండు మండలాల నుంచి ఒక్కో డిప్యూటీ తహసీల్దార్ (డీటీ), వెనుక ఒక జూనియర్ అసిస్టెంట్ చేతిలో ఫైలుతో నిలబడి. పాత మండలం డీటీ అప్పగింత జాబితా తెచ్చారు, అందులో మా ఊరి పహాణీలు, ఖాస్రాతో సహా, కొత్త మండలానికి ఇచ్చినట్టు సంతకం ఉంది, విరాసత్ ఫైళ్ల గురించి ఒక్క మాట లేదు. ఆ కాగితం టేబుల్ మీద పడ్డ క్షణంలో సంభాషణే మారిపోయింది. అంతదాకా మాతో మాట్లాడిన అధికారులు మమ్మల్ని వదిలేసి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ‘మీరు తీసుకున్నరు కదా’, ‘పహాణీలు తీసుకున్నం సార్, విరాసత్ మూటలు ఇయ్యలే’, ‘మరి ఎక్కడున్నయ్?’ అని. చిన్నాయన నా వైపు చూసి కళ్లతోనే నవ్విండు.

పహాణీల నకళ్లు చేతికొచ్చాయి, ధృవీకరించి, ముద్ర వేసి, ఫీజు లేకుండా. సేత్వార్ కోసం సర్వే విభాగం ఆఫీసులో వేరుగా అడిగాం, అది ఉర్దూలో ఉంటుంది కాబట్టి చదివించుకోవడానికి ఒక పెద్దమనిషిని వెతుక్కున్నాం, అది ఇంకో కథ. విరాసత్ ఫైలు మాత్రం దొరకలేదు. ‘విస్తృతంగా వెతికినా ఫైలు లభ్యం కాలేదు’ అని రాతపూర్వకంగా, సంతకంతో ఇచ్చారు. చిన్నాయన ముఖం వాడిపోయింది గానీ, మా లాయర్ ఆ కాగితం చూసి చాలా సంతోషపడ్డాడు. అసలు పోయిందని, అది మన తప్పు వల్ల కాదని చూపించగలిగితే కోర్టులో నకలునో, ఇతర ఆధారాన్నో సాక్ష్యంగా తీసుకోవచ్చట, ఇదివరకు సాక్ష్యాధారాల చట్టంలో 65వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 60వది. అందుబాటులో లేదు అన్న ముక్క ఎందుకూ పనికిరాదు, పోయింది అన్న ముక్కకు విలువుంది.

ఇక వేరే రకం గొడవలు. ‘ఎందుకు’ అని మొదలయ్యే ప్రశ్నలు రాయకండి. ‘మా వాడకు సీసీ రోడ్డు ఎందుకు వేయలేదు’ అంటే అది సమాచారం కాదని రాసి పంపిస్తారు, చట్టపరంగా వాళ్లదే కరెక్ట్. బాంబే హైకోర్టు గోవా బెంచ్ 2008లోనే, సెల్సా పింటో కేసులో, ఎందుకు అన్నదానికి సమాధానం సమాచారం కిందికి రాదని చెప్పింది. ఆ రోడ్డు ఎస్టిమేట్, మెజర్‌మెంట్ బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, బిల్లు, పంచాయతీ తీర్మానం అడగండి, ఎందుకో మీకే అర్థమవుతుంది. అలాగే కోర్టు కేసుల కాగితాలకు ఆర్టీఐ వెయ్యొద్దు, 2020లో సుప్రీంకోర్టు గుజరాత్ హైకోర్టు కేసులో కోర్టు నిబంధనల ప్రకారమే నకళ్లు తీసుకోవాలని తేల్చేసింది, కాపీ అప్లికేషన్ పెట్టుకుంటే అయిపోతుంది.

‘చాలా ఎక్కువ సమాచారం అడిగారు, సిబ్బంది లేరు’ అని రాస్తే పోట్లాడకండి, తనిఖీ అడగండి. సెక్షన్ 2(జె)లో నకళ్లు తీసుకోవడమే కాదు, రికార్డును కూర్చొని చూసే హక్కు, నోట్స్ రాసుకునే హక్కు, పనుల్లో వాడిన మెటీరియల్ శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. మొదటి గంటకు ఫీజు లేదు. ఫైలు చూసేటప్పుడు నోట్ ఫైలు, కరెంట్ ఫైలు రెండూ అడగాలి, ఎందుకంటే వచ్చిపోయిన లెటర్లన్నీ కరెంట్ ఫైల్లో ఉంటాయి గానీ, ఎవరు ఏమని సిఫారసు చేశారు, ఎవరు ఎక్కడ ఆపారు అన్నది నోట్ ఫైల్లోనే దొరుకుతుంది. నాకైతే నకళ్లకన్నా తనిఖీయే ఇష్టం. వంద పేజీలు జిరాక్స్ తీయించి అందులో ఒక్క పేజీ పనికొచ్చేది కన్నా, కూర్చొని చూసి ఆ ఒక్క పేజీ నంబరు రాసుకొని రెండు రూపాయలకు తీసుకోవడం మేలు కదా. ఆఫీసు వాళ్లకు కూడా పని తగ్గుతుంది.

అసలు కష్టమైన గొడవ పేర్ల దగ్గర వస్తుంది. ఇందిరమ్మ ఇళ్ల జాబితా, పింఛన్ల జాబితా, పంట నష్టం ఎవరికి ఎంత, ఇట్లాంటివి అడిగితే ‘వ్యక్తిగత సమాచారం’ అని 8(1)(జె) పెట్టి ఆపేస్తున్నారు. ఇంతకుముందు ఆ క్లాజులో షరతులు ఉండేవి: ఆ సమాచారానికి ప్రజా పనులతో సంబంధం లేకుంటేనో, ఇస్తే ఒకరి ప్రైవసీకి అనవసరంగా భంగం కలుగుతుందంటేనో మాత్రమే ఆపాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3) ద్వారా ఆ షరతులు తీసేశారు, 2025 నవంబర్‌లో అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అయితే చాలు, ఆపొచ్చు. నాకు ఇది చాలా తప్పు అనిపిస్తుంది. ఊళ్లో అవినీతి ఎప్పుడూ పేర్ల రూపంలోనే ఉంటుంది. చనిపోయినాయన పేరు మీద పింఛను, హైదరాబాద్‌లో ఉన్నాయన పేరు ఉపాధి పని హాజరు మస్టర్లో. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో ఊరి మధ్యలో పేర్లు పైకి చదివితేనే కదా ‘వాడెప్పుడు పనికొచ్చిండు’ అని పక్కన కూర్చున్న ఆడవాళ్లు లేచేది. పేరు తీసేసి మొత్తం ఎంత ఖర్చైందో చెప్తే దాంతో ఏం చేసుకుంటాం?

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. సెక్షన్ 8(2) అట్లాగే ఉంది, మినహాయింపు వర్తించినా ప్రజాప్రయోజనం ఎక్కువనుకుంటే ఇవ్వొచ్చు. ఇంకా గట్టిది సెక్షన్ 4(1)(బి). ఎవరూ అడగకముందే ప్రతి ఆఫీసూ తనంతట తాను బయటపెట్టాల్సిన పదిహేడు అంశాల్లో సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన డబ్బులు, లబ్ధిదారుల వివరాలు ఉన్నాయి. చట్టమే ముందుగా ప్రకటించమన్నదాన్ని అడిగితే రహస్యం ఎట్లా అవుతుంది? పేర్ల జాబితా అడిగేటప్పుడు మొదటి లైనులోనే ఈ సెక్షన్ రాయండి. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఫోన్ నంబర్లు మాకొద్దు, సెక్షన్ 10 ప్రకారం అవి కొట్టేసి మిగతాది ఇవ్వండి అని కూడా మీరే రాసేయండి, వాళ్లకు సాకు మిగలకుండా.

మొదటి అప్పీలులో కూడా కాకపోతే తొంభై రోజుల్లో రెండో అప్పీలు, రాష్ట్ర సమాచార కమిషన్‌కు. హైదరాబాద్ మోజంజాహీ మార్కెట్ దగ్గర సమాచార హక్కు భవన్. దీని గురించి నిజం చెప్పాలంటే మన రాష్ట్రంలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషన్‌లో ఒక్క కమిషనర్ కూడా లేరు. రెండేళ్లకు పైగా! 2019లోనే అంజలీ భరద్వాజ్ కేసులో సుప్రీంకోర్టు ఖాళీలు ముందే నింపాలని చెప్పింది, అయినా ఇది పరిస్థితి. ఆ రెండేళ్లలో కింది ఆఫీసుల్లో ‘పొండి, కమిషన్‌కు పొండి’ అని నవ్వుతూ అనేవాళ్లు, అక్కడ ఎవరూ లేరని వాళ్లకూ తెలుసు. ఇప్పుడు ప్రధాన కమిషనర్, కమిషనర్లు వచ్చారు, పాతవి పేరుకుపోయి ఉన్నాయి కాబట్టి ఓపిక పట్టాల్సిందే. కానీ ఒకటి గమనించిన, విచారణ నోటీసు వచ్చిందంటే చాలు, దొరకని ఫైళ్లు దొరుకుతాయి. రోజుకు 250 రూపాయలు, మొత్తం 25,000 దాకా జరిమానా అధికారి జీతంలోంచి కట్ అవుతుందన్న భయం అది.

ఇక్కడ చాలామంది తెలియక పడే గోతి ఒకటుంది. కోపంలో సెక్షన్ 18 కింద ‘ఫిర్యాదు’ పెడతారు, అధికారిని శిక్షించండి అని. 2011లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, సెక్షన్ 18 ఫిర్యాదులో కమిషన్ జరిమానా వేయగలదు గానీ సమాచారం ఇమ్మని ఆదేశించలేదు, సమాచారం కావాలంటే సెక్షన్ 19 అప్పీలే. నీకు కాగితం కావాలా, ఆ అధికారి మీద కసి తీరాలా, ముందు తేల్చుకోవాలి. నేనైతే ఎప్పుడూ కాగితమే అంటా. జరిమానా పడ్డ అధికారి ఇంకో మండలానికి పోతాడు, మన గుంటలు మాత్రం ఇక్కడే ఉంటాయి.

కమిషన్ చెప్పిందంటే అంతా అయిపోయినట్టు కూడా కాదు. మన వరంగల్ మనిషి మాడభూషి శ్రీధర్ గారు కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్నప్పుడు 2016 డిసెంబర్‌లో ఢిల్లీ యూనివర్సిటీ 1978 బీఏ రికార్డులను తనిఖీ చేయనివ్వాలని ఆదేశించారు, ప్రధానమంత్రి డిగ్రీ పాసైనట్టు చెప్పే సంవత్సరం అది, కాబట్టి దేశమంతా చర్చ. 2017 జనవరిలోనే ఢిల్లీ హైకోర్టు స్టే ఇచ్చింది, చివరికి 2025 ఆగస్టులో ఆ ఆదేశాన్ని కొట్టేసింది. మీరు ఏ పక్షం అన్నది నాకనవసరం, ఒక రిజిస్టర్ చూడొచ్చా లేదా అన్నది తేలడానికి ఎనిమిదేళ్లకు పైగా పట్టింది, అది చూడండి. మన పహాణీల మీద ఎవరూ హైకోర్టుకు పోరు, అది మన అదృష్టం.

అధికారుల వైపు నుంచి కూడా ఒక మాట అనాలి, లేకపోతే అన్యాయం. ఒక పంచాయతీ కార్యదర్శి నర్సరీ చూడాలి, పన్ను వసూలు చేయాలి, మోరీలు తీయించాలి, జనన మరణాలు రాయాలి, మధ్యలో ఆర్టీఐ జవాబులు. మెడలో ‘ఆర్టీఐ కార్యకర్త’ అని కార్డు వేసుకొని, పది ఆఫీసుల్లో ఒకే దరఖాస్తు జిరాక్స్ తీసి పెట్టి, తర్వాత ‘మాట్లాడుకుందాం’ అని ఫోన్ చేసేవాళ్లు మన దగ్గర కూడా ఉన్నారు, నాకు తెలిసిన ఒకాయన అదే పని మీద బైక్ మార్చిండు. వాళ్ల వల్ల మా చిన్నాయన లాంటివాళ్లు దరఖాస్తు తీసుకెళ్లినా గుమాస్తా ముఖం మాడ్చుకుంటాడు. అయినా వాళ్లను ఆపడానికి ‘ఎందుకు అడుగుతున్నవ్’ అని అందరినీ అడిగే హక్కు ఆఫీసుకు లేదు, కారణం చెప్పక్కర్లేదని సెక్షన్ 6(2)లోనే ఉంది. 2021లో మన రాష్ట్రంలో, పై అధికారి అనుమతి తీసుకున్నాకే సమాచారం ఇవ్వాలని పౌర సమాచార అధికారులకు ఒక మెమో కూడా వచ్చింది, హైకోర్టు స్టే ఇచ్చింది కాబట్టి సరిపోయింది. దొంగ దరఖాస్తుదారులకు మంచి మందు అడక్కముందే అన్నీ బయటపెట్టడం. మెజర్‌మెంట్ బుక్ ఆన్‌లైన్‌లో ఉంటే దాన్ని చూపించి బెదిరించేవాడికి బేరం ఎక్కడిది?

మా విషయానికొస్తే, పహాణీలు, సేత్వార్, ఆ ‘లభ్యం కాలేదు’ కాగితం కలిపి భూభారతి కింద అప్పీలు వేశాం, నడుస్తోంది. విరాసత్ ఫైలు ఏమైందో, ఎవరి బాధ్యతో తేల్చమని ఆర్టీఐలో రెండో అప్పీలు కూడా వేశాం, చిన్నాయనకు అది పెద్దగా ఇష్టం లేదు, ‘పోయిందన్నరు కదా, మళ్ల ఎందుకు’ అంటాడు. కానీ ఆ మూటలో మా ఒక్కళ్లదే ఉండదు, ఊరందరి విరాసత్ ఫైళ్లు ఉండాలి. పక్కింటి ఎల్లమ్మ కొడుకులు కూడా ఇప్పుడు అదే మూట గురించి అడుగుతున్నారు.

మీరూ రెండో అప్పీలు పంపేవాళ్లైతే: దరఖాస్తు, వచ్చిన జవాబు, మొదటి అప్పీలు, దాని మీద ఆర్డర్ ఉంటే అది, పోస్టు రసీదులు, అన్నీ తేదీల వరుసలో పెట్టి పేజీ నంబర్లు వేయండి. ఒక సెట్టు కమిషన్‌కు, ఒక్కోటి కింది ఇద్దరు అధికారులకు, ఒకటి మీ దగ్గర. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి కౌంటర్‌లో స్పీడ్ పోస్టే అడగండి, కానీ డెలివరీ అయినట్టు రుజువు కావాలని విడిగా చెప్పండి, చెప్పకపోతే వేయరు. ట్రాకింగ్ పేజీని డెలివరీ అయిన వారంలోనే ప్రింట్ తీసి పెట్టుకోండి, కొన్నాళ్లయితే అది వెబ్‌సైట్‌లో కనిపించదు.